ఎన్ని మెట్లు

కొల్లాపురం బస్సు దిగి, ఆటో దిగి,
ఆటో రానన్న గుంతల నుంచి నడిచి
దీపాలపెంట చేరేసరికి
సంచిలో టేపు, కొలతల పుస్తకం, నేను,
ముగ్గురమూ వేడెక్కి ఉన్నాం.

మరమ్మతుకు అంచనా వేసి రమ్మని ఆఫీసు కాగితం.
అందులో రాసింది ఇంతే:
లైట్‌హౌజు, పాతది, ఒకటి.

కృష్ణ వెనక్కి తన్ని చెరువులా నిలిచిన చోట
నీళ్లలోకి దిగి, ఎందుకు దిగిందో మరిచిపోయిన
బర్రెలాగా ఉంది అది.
మెడ దాకా నీళ్లు. కదలదు.

తాళంచెవి కుర్మమ్మ కొంగు ముడిలో ఉంది
ఒక వక్క ముక్కతో, మడతలు పడ్డ
ఆధార్ జిరాక్సుతో పాటు.
ఆమె మామ దీపం ముట్టించేవాడట.
మామ తర్వాత మొగుడు.
మొగుని తర్వాత
ముట్టించడం లేదు, చెవి మాత్రం ఉంది.

పుట్టిలో కూర్చోబెట్టింది. తెడ్డు ఒక్కటే.
పుట్టి తిన్నగా పోదు కదా,
బురుజు ఒకసారి ఎదురుగా, ఒకసారి వీపు వెనక,
ఒకసారి నా ఎడమ చెవి పక్కన.

"తలుపేది?"
తెడ్డుతో నీళ్లలోకి చూపించింది.
కిటికీ గుండా లోపలికి దూరాం,
ముందు ఆమె, తర్వాత నా సంచి, తర్వాత నేను.

గబ్బిలాల వాసన. చల్లటి సున్నం.
మెట్లు మనిషి వెడల్పు,
మా ఇంజనీరు సారు వెడల్పు కాదు.
లెక్కపెడుతూ ఎక్కాను.
పదకొండో మెట్టు మీద చేప పొలుసులు.
ఇరవై నాలుగోది విరిగింది, రాసుకున్నాను.
ముప్పై దగ్గర గోడకు బొగ్గుతో
నర్సిములు, ఎనిమిది, ఫేల్.
అదీ రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను.
నలభై ఏడు.
కప్పు లేని గది. గాలి ఒక్కసారిగా
పుస్తకం కాగితాలన్నీ చదివేసింది.

నడుమ గంగాళమంత రాతి ప్రమిద.
కుర్మమ్మ అంచు మీద వేలు రాసి చూపించింది:
ఇన్నేళ్లయినా జిడ్డు పోలేదు.
రాత్రికి రెండు సోలల ఆముదం తాగేదట,
సంస్థానం వాళ్లు పోసినన్నాళ్లు సంస్థానానిది,
తర్వాత ఊరిది,
తర్వాత మామ తన గానుగ కూలిలోంచి.

అవతల నల్లమల, నీలంగా, నిద్ర తీరనట్టు.
ఇవతల ఎర్రమన్ను, వేరుశనగ పీకిన చేలు,
వలలు ఆరేసిన ఒడ్డు.
మధ్యలో నీళ్లు, నీళ్లు,
తల పోయిన రెండు తాళ్లు.

"పుట్టీలకు దారి చూపెట్టనీకేనా ఈ దీపం?"
నేను అడిగిన తీరుకే నవ్వొచ్చినట్టుంది ఆమెకు.
"దారి ఎందుకు మేడమ్, దారి వాళ్లకు ఎరుకనే.
ఈడ బండ ఉంది. ఇటు రాకుండ్రి అని."

చిన్నప్పటి నుంచీ
దూరంగా వెలిగే ప్రతి దీపమూ
రమ్మంటోందనే అనుకున్నాను.
టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను కాసేపు.

"మెట్లు ఎన్నొచ్చినయ్?"
"నలభై ఏడు."
"మార్గశిరంల గంతే. శివరాత్రికి యాభై తొమ్మిది.
రోహిణి కార్తెల డెబ్బై రెండు,
తలుపు సుత బయటవడ్తది.
అప్పుడు రా, తాళం తీస్త."
చెవిని ఒకసారి తడిమి చూసుకుంది.

పుస్తకంలో మెట్ల సంఖ్యకు
ఒక్కటే గడి, అగ్గిపెట్టె కంటే చిన్నది.
పెన్సిల్‌తో నలభై ఏడు వేసి
పక్కన ఖాళీ లేక, కింద గీత దాటి రాశాను:
నీళ్లు తగ్గాక మళ్లీ కొలవాలి.

దిగి వస్తుంటే పొలుసుల మెట్టు దగ్గర
కాలు జారింది.
"అది పదకొండు," అన్నాను.
"ఇరవై రెండు," అంది కింద చీకట్లోంచి,
"శివరాత్రి దాటితే."